మూగవోయిన ఆంప్లిఫైయరు

వాల్వు రేడియో ఉన్న యింట పెరిగినవారికి ఒక నిరీక్షణ జ్ఞాపకముండి తీరును. మీట త్రిప్పినంతనే మాట వినబడెడిది కాదు. మొదట స్టేషన్ల పేర్లు వ్రాసిన అద్దపు పలక వెలిగెడిది. వెనుకనున్న చిల్లుల అట్ట సందులనుండి ఎఱ్ఱని కాంతి కొంచెము కొంచెముగా కానవచ్చెడిది. అరనిమిషము గడచిన పిమ్మట, దూరమునుండి నడచి వచ్చినట్లుగా, గొంతు దగ్గరకు వచ్చెడిది. పెద్దలు ఇంట లేనప్పుడు ఆ అట్ట విప్పి చూచిన సాహసులు లోపల నాలుగైదు గాజుబుడ్లను చూచియే యుందురు. వానిలో స్పీకరును నడపు చివరి బుడ్డి పెక్కు రేడియోలలో ఇ.ఎల్. 84 అను వాల్వు. బొటనవ్రేలంత లావు, తొమ్మిది సన్నని కాళ్లు, ఇంతే దాని ఆకారము. విదేశములనుండి దిగుమతి యగుచుండిన ఈ తరహా రేడియో వాల్వులను బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961 లో ఫిలిప్స్ వారి సహకారముతో ఇచటనే తయారు చేయ నారంభించినది.

మన యిండ్లలో వార్తలను, హరికథలను, ఆదివారపు నాటకములను వినిపించినది ఒక్క ఇ.ఎల్. 84. అవే వాల్వులను నాలుగింటిని ఒకచో చేర్చి, ఒక మనిషి ఎత్తుటకు కష్టమైనంత బరువుగల పెట్టెలో బిగించి, ఇంగ్లండులో కెంట్ మండలమందలి డార్ట్‌ఫర్డ్ పట్టణమున 1959–60 ప్రాంతమున ఒక యంత్రమును అమ్మకమునకు పెట్టిరి. దాని పేరు వాక్స్ ఎ.సి. 30. అది గిటారు వాయించువారి ఆంప్లిఫైయరు. ఆ తొలినాటి పెట్టెలు ఇప్పుడు అరువది యేండ్లు దాటిన ముసలివి. అటకలమీద, కారుకొట్టములలో, మూసివేసిన నృత్యశాలల వెనుక గదులలో దుమ్ము పట్టి, మూగవోయి, అప్పుడప్పుడు ఒకటి బయటపడుచుండును. దానిని మరల పలికించుట ఎట్లు? పలికించునప్పుడు ఏది మార్చవచ్చును, ఏది ముట్టరాదు? ఈ ప్రశ్నలకు టంకపుకడ్డీ చెప్పు జవాబుకంటె చరిత్ర చెప్పు జవాబే పెద్దది. కనుక ముందు చరిత్రనే తడవెదము.

1904 లో ఇంగ్లండున జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ గాలి తీసిన గాజుబుడ్డిలో, వేడెక్కిన తీగనుండి ఒక రేకునకు విద్యుత్తు ఒకే దిక్కుగా ప్రవహించునట్లు చేసెను. గొట్టములోని కవాటమువలె ఒకవైపునకే దారి ఇచ్చుటచే దానికి వాల్వు అను పేరు వచ్చినది. రెండేండ్లకు అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ తీగకు, రేకునకు నడుమ ఒక చిన్న జాలిని నిలిపెను. ఆ జాలిపై పడిన స్వల్ప స్పందనము, దానిని దాటిపోవు పెద్ద ప్రవాహమును అదుపు చేయును. పెద్ద కాలువ తూముతలుపును పసిబిడ్డ వ్రేలితో ఎత్తి దించగలిగినచో ఎట్లుండునో ఊహించుకొనుడు. గుసగుసను కేకగా మార్చు విద్య అంతయు ఆ జాలిలో నున్నది. దూరపు టెలిఫోను, రేడియో, మాటాడు సినిమా, సభలలో లౌడుస్పీకరు, అన్నియు ఆ తూమునుండి పారిన కాలువలే.

గిటారు స్వభావముచే మెత్తని గొంతుగల వాద్యము. బాకాలు, డప్పులు గల బృందములో దాని మాట వినువారు లేరు. 1931–32 సంవత్సరములలో లాస్ ఏంజిలిస్ నగరమున జార్జి బీచమ్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు ఉక్కు తీగల చెంత అయస్కాంతమును, రాగితీగ చుట్టను అమర్చి, తీగ కంపనమును నేరుగా విద్యుత్తుగా మార్చు గిటారును చేసిరి. ఒడిలో పరుండబెట్టి హవాయి పద్ధతిని వాయించు ఆ వాద్యమును, దాని ఆకారమును బట్టి, జనులు వేపుడు పెనమని పిలిచిరి. ఐతే ఆ విద్యుత్తు అతి స్వల్పము. దానిని పెంచి స్పీకరునకు అందించు పెట్టె కావలసివచ్చినది. ఆ పెట్టెలను కట్టినవారు ఎవరు? రేడియో మెకానిక్కులే. ఈ రంగమున అందరికంటె పేరు పొందిన లియో ఫెండర్, 1938 లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియో మరమ్మతు దుకాణము తెరచినవాడు. రేడియోలో స్టేషను పట్టు ముందు సగమును తీసివేసి, ధ్వనిని పెంచు వెనుక సగమును ఉంచినచో మిగులునది ఆంప్లిఫైయరే. మన యింటి రేడియోకు అది తోడబుట్టినది.

డార్ట్‌ఫర్డ్ కథయు ఇట్టిదే. టామ్ జెన్నింగ్స్ అను వర్తకుడు అకార్డియన్లను, ఎలక్ట్రానిక్ వాద్యములను అమ్మెడివాడు. డిక్ డెన్నీ ఎలక్ట్రానిక్ పని తెలిసినవాడు, స్వయముగా గిటారు వాయించువాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆయుధముల కర్మాగారములో పనిచేయుచు ఇరువురు పరిచితులైరి. 1950 తరువాతి సంవత్సరములలో డెన్నీ కట్టిన ఆంప్లిఫైయరు జెన్నింగ్స్‌కు నచ్చినది. దానినుండి 1958 లో పదునైదు వాట్ల ఎ.సి. 15 వెలువడినది. షాడోస్ మొదలైన బృందముల కచేరీలలో యువజనుల కేకలకు ఆ పదునైదు వాట్లు చాలకపోయెను. రెండు వాల్వులకు బదులు నాలుగు వాల్వులు, ఒక స్పీకరుకు బదులు రెండు స్పీకర్లు పెట్టగా ఎ.సి. 30 అయినది. ఆ స్పీకర్లు సెలెస్టియన్ సంస్థవి, పండ్రెండంగుళములవి, నీలిరంగు పూసినవి. అవియు వెనుకటి రేడియో స్పీకరును గిటారునకు తగినట్లు సవరించగా పుట్టినవే.

1962 వేసవిలో బీటిల్స్ బృందము ఈ యంత్రములను చేపట్టినది. మూడేండ్లు తిరుగకుండనే వారికి ముప్పది వాట్లు కాదు, నూరు వాట్లును చాలలేదు. 1965 ఆగస్టులో న్యూయార్కులోని షే స్టేడియమున ఏబదియైదు వేల జనము కేకల నడుమ నూరు వాట్ల వాక్స్ పెట్టెలు ఉన్నవో లేవో తెలియకపోయెను. జెన్నింగ్స్ సంస్థపై అధికారము 1964 లోనే పరుల చేతికి పోయినది. 1967 లో ఆయన తాను స్థాపించిన సంస్థను వీడెను. మరుసటి సంవత్సరము అది దివాలా తీసెను. వాక్స్ పేరు పలుచేతులు మారి 1992 లో జపాను దేశపు కోర్గ్ సంస్థను చేరినది. వర్తకపు కథ ఇంతటితో చాలును. మనకు కావలసినది ధ్వని కథ.

వాల్వు తన శక్తికి మించి పని చేయవలసివచ్చినప్పుడు ఏమగును? స్వరతరంగముల శిఖరములను అది పూర్తిగా అందుకొనలేదు. ఐతే కత్తితో కోసినట్లు ఒక్కసారిగా తెగగొట్టదు. కొంచెము కొంచెముగా నొక్కి గుండ్రముగా చేయును. అప్పుడు మూలస్వరముతోపాటు దాని రెట్టింపు, మూడింతలు మొదలైన ఉపస్వరములు పుట్టి, ధ్వని చిక్కబడును. దీనికి తోడు ఎ.సి. 30 లో విద్యుత్తును ఒకే దిక్కునకు మరల్చు పనియు జి.జెడ్. 34 అను మరియొక వాల్వుదే. గట్టిగా మీటినప్పుడు అది ఒక క్షణము డస్సి, వోల్టేజి తగ్గి, మరల కోలుకొనును. ఆ డస్సి కోలుకొనుట చెవికి ఊపిరి తీసినట్లు తోచును. వికృతిని తగ్గించుటకై ధ్వనిలో కొంత భాగమును వెనుకకు మరల్చి సరిచూచుకొను ఏర్పాటు ఆనాటి మంచి యంత్రములలో సామాన్యము. ఎ.సి. 30 చివరి మెట్టులో ఆ ఏర్పాటే లేదు.

రేడియో కేంద్రములలో పనిచేయు మాబోటివారికి వికృతి అను మాట వినినంతనే చేయి దానంతట అదే మీటపైకి పోవును. మీటరులోని సూది ఎఱ్ఱగీత దాటరాదు. దాటినచో ఇంజనీరు గది అద్దములోనుండి మనవైపు ఒక చూపు వచ్చును. మేము దోషమని నేర్చుకొన్నదానిని ఈ వాద్యకారులు గుణముగా గ్రహించిరి. 1951 లో మెంఫిస్ నగరమున ఒక పాట ముద్రించుటకు వచ్చిన బృందము చేతిలో దెబ్బతిన్న ఆంప్లిఫైయరు తప్ప మరి యేదియు లేకపోగా, స్పీకరులో కాగితములు కుక్కి పని జరిపించిరని చెప్పుదురు. ఆ గరగర ధ్వనియే ఆ పాటకు పేరు తెచ్చినది. 1964 లో కింక్స్ బృందపు డేవ్ డేవీస్ ఒక చిన్న ఎల్పికో ఆంప్లిఫైయరు స్పీకరును క్షురకత్తితో కోసి, ఆ చిరిగిన గొంతును ఎ.సి. 30 ద్వారా పెంచి వినిపించెను. ప్రమాదమున దొరికినదానిని పదుమూడేండ్లకు బుద్ధిపూర్వకముగా చేసిరన్నమాట.

ఆంప్లిఫైయరు ధ్వనిని పెంచుటతో ఊరకుండక దానిని నిలుపును గూడ. మీటిన తీగ నాదము క్షణములో ఆరిపోవు వాద్యములకు ఇది పెద్ద వరము. పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) కర్ణాటక సంగీతమునకు ఎలక్ట్రిక్ మాండలినును ఎన్నుకొనుటలోని కీలకము ఇదియే. నాదము నిలువనిదే గమకము సాగదు. ఆయనకు కావలసినది నిర్మలమైన ధ్వని, ఇంగ్లండు యువకులకు కావలసినది గరగర. ఇరువురికిని నాదమును నిలిపినది ఆంప్లిఫైయరే.

ఇక మూగవోయిన పెట్టెకడకు వచ్చెదము. అటకమీదనుండి దించినవాడు చేయదలచు మొదటి పని ప్లగ్గు పెట్టి చూచుట. చేయరాని మొదటి పనియు అదే. యంత్రములో విద్యుత్తును నిలువచేసి సమము చేయు ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఉండును. అల్యూమినియపు రేకును, ద్రవములో తడిసిన కాగితమును చుట్టచుట్టి వానిని చేయుదురు. రేకుపై నేర్పడిన అతి పలుచని పొరయే వాని ప్రాణము. విద్యుత్తు తగులుచున్నంత కాలము ఆ పొర గట్టిగా నుండును. ఏండ్ల తరబడి తగులకున్నచో క్షీణించును. అట్టి కండెన్సరుపై మూడువందల వోల్టులు ఒక్కసారి పడినచో అది కారి, వేడెక్కి, పగులును. పోవుచు పోవుచు విలువైన ట్రాన్స్‌ఫార్మరును గూడ తీసుకొనిపోవును. కనుక తెలిసిన మెకానిక్కు ముందు సీరీస్ బల్బు పెట్టును. మన ఊళ్ల రేడియో షాపులలో బల్లమీద వ్రేలాడుచుండిన ఆ బల్బును పలువురు చూచియే యుందురు. యంత్రమునకు పోవు విద్యుత్తు ఆ బల్బు గుండా పోవును. క్షణకాలము వెలిగి మసకబారినచో క్షేమము. ప్రకాశముగా వెలుగుచునే యున్నచో లోపల ఎక్కడనో షార్టు ఉన్నదన్నమాట.

ఇచట ప్రాణభయము మాట చెప్పక తప్పదు. ప్లగ్గు తీసిన తరువాతను ఆ కండెన్సర్లలో చంపగల విద్యుత్తు నిలిచియుండవచ్చును. రెసిస్టరుద్వారా దానిని దింపి, మీటరుతో సున్న చూచుకొన్న పిమ్మటనే చేయి పెట్టవలెను. పరీక్షించునప్పుడు ఒక చేతిని జేబులో నుంచుకొనుమని పాత మెకానిక్కులు శిష్యులకు చెప్పెడివారు. విద్యుత్తు ఒక చేతినుండి రెండవ చేతికి గుండెమీదుగా పోకుండుటకే ఆ నియమము. ఎర్తు తీగ సంగతి మరింత ముఖ్యము. గిటారు తీగలు యంత్రపు లోహశరీరముతో కలిసియుండును. వాయించువాని పెదవులు మైక్రోఫోనుకు ఆనుచుండును. రెంటిలో ఏ ఒక్కదానికి ఎర్తు సరిగా లేకున్నను మనిషియే తీగయగును. 1972 లో స్వాన్‌సీ నగరమున స్టోన్ ది క్రోస్ బృందపు గిటారు వాదకుడు లెస్ హార్వే వేదికపైననే విద్యుద్ఘాతముచే మరణించెను. పాత యంత్రమును ఉన్నదున్నట్లు ఉంచవలెనని పట్టుపట్టువారు సైతము ఈ విషయమున వాదించరాదు. త్రాడు మార్చవలెను, ఎర్తు కలుపవలెను, వెనుకనున్న వోల్టేజి మీట మన యింటి కరెంటునకు సరిపడునట్లున్నదో లేదో చూడవలెను.

ఇంతవరకు తగవు లేదు. తగవు దీని తరువాత వచ్చును. ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లను మార్చవలసినదే; నాలుగు ఇ.ఎల్. 84 లు పొయ్యివలె కాగు ఆ పెట్టెలో అవి ఎండిపోవుటలో వింత లేదు. ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు స్వరమును అందించు చిన్న కండెన్సర్ల మాట ఏమి? అవి స్వరమును దాటనిచ్చి నేరు విద్యుత్తును ఆపవలెను. ముసలివై కారుట మొదలిడినచో చివరి వాల్వుల జాలికి చేరరాని వోల్టేజి చేరి, వాల్వులోని రేకు ఎఱ్ఱబారి, వాల్వు చచ్చును. నాలుగు వాల్వులకు అడుగున ఉమ్మడి రెసిస్టరు ఒక్కటియే యుండుటచే ఒకదాని జబ్బు తక్కిన మూడింటికిని తగులును. కారుచున్నదానిని తీయవలెను. కారనిదానిని, వయసు మీరినదను ఒక్క నెపముతో తీయవచ్చునా? మా అభిప్రాయమున తీయరాదు. మీటరుతో కొలిచి చూడనిదే ఒక్క ముక్కయు తీయరాదు.

ప్రాచీన కావ్యములను పరిష్కరించు పండితులకు ఈ చిక్కు క్రొత్త కాదు. తాళపత్రములో లేఖకుని తప్పు ఏది, కవి ప్రయోగము ఏది? వ్యాకరణమునకు ఒదుగనిదెల్ల దిద్దివేసిన పరిష్కర్త చేతిలో కవి గొంతు మాయమగును. ఎ.సి. 30 కి పాఠాంతరములు గూడ కలవు. తొలి నమూనాలో ఇ.ఎఫ్. 86 అను వాల్వు ఉండెడిది. రెండు స్పీకర్లు అదరగొట్టు పెట్టెలో అది తానును అదరి, గణగణమను లోహధ్వనిని స్వరములో కలిపెడిది. తయారుచేసినవారే దానిని తీసి ఇ.సి.సి. 83 ను పెట్టిరి. మరల 1961 నుండి, తారస్వరములు ఇంకను మెఱుగుగా వినబడవలెనని కోరినవారికి, వెనుక పలకను కోసి టాప్ బూస్ట్ అను అదనపు భాగమును అమర్చి యిచ్చిరి. పండితుల భాషలో ఇది ప్రక్షిప్తము. కాని కవియే చేర్చిన ప్రక్షిప్తము! ఇట్టి పెట్టె దొరికినచో వెనుకటి రంధ్రమును పూడ్చి మొదటి రూపమునకు తేవలెనా? అక్కరలేదని మా తలంపు. ఆ రంధ్రమును గూడ ఆ కాలపు వాదకుడు కోరియే చేయించుకొన్నాడు.

ఎట్టి పరిస్థితిలోను వదలుకొనరానివి రెండు: ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు. తక్కినవానిని నేడును కొనవచ్చును. ఆ రెంటి క్రొత్త ప్రతులు ఎంత చక్కగా చేసినను వేరు గొంతుతోనే పలుకును. స్పీకరు కాగితపు గిన్నె చిరిగియున్నచో పలుచని కాగితమును జిగురుతో అతికి సరిపుచ్చుట మేలు. గిన్నెనే మార్చివేయుట కట్టకడపటి మార్గము. ఒకడు క్షురకత్తితో కోరి కోసినదానిని మరియొకడు నెమ్మదిగా జిగురు పూసి అతుకుచుండుట చూచినచో నవ్వు వచ్చును గాని, ఇరువురి ఉద్దేశమును ధ్వనియే.

వాల్వులు అరిగిపోవు వస్తువులు. వానిని మార్చుటలో పాపము లేదు. దొరుకుటయే ప్రశ్న. 1938 లో మొదలైన బ్లాక్‌బర్న్‌లోని మల్లార్డ్ కర్మాగారము ఒకప్పుడు ఐరోపా అంతటికి వాల్వులు పంపినది. 1980 తరువాత కొలది యేండ్లకే అచట వాల్వుల తయారీ ఆగిపోయినది. తరువాత ఈ పని ముఖ్యముగా రష్యా, స్లొవేకియా, చైనా దేశములలోని కొలది కర్మాగారములకు మిగిలెను. 2022 లో యుక్రెయిన్ యుద్ధము మొదలుకాగానే రష్యా వాల్వుల సరఫరా చిక్కులో పడి, ప్రపంచమంతట ధరలు పెరిగినవి. గిటారు వాయించువారు యుద్ధవార్తలను వాల్వుల కొఱకు గూడ చదువవలసివచ్చినది. బి.ఇ.ఎల్. ముద్రగల మన పాత ఇ.ఎల్. 84 లను సైతము విదేశములలో వెదకి కొనువారు కలరు. మన రేడియో షాపుల సొరుగులలో అట్టపెట్టెలతో సహా పడియున్న వాల్వులను తుక్కుక్రింద పారవేయువారు ఒక్కసారి పేరు చదివి చూచుట మంచిది.

పని ముగిసిన దినమున పెట్టెను ఊరక వెలిగించి చూచి సంతోషపడరాదు. మొదటి అరగంట స్పీకరు కలిపి, గిటారు లేకుండ, తక్కువ ధ్వనిలో నుంచవలెను. గుంయ్ అను హోరు ఎక్కువగా నున్నదా, వాల్వులలో ఏదైన ఎఱ్ఱబారుచున్నదా, కాలిన వాసన వచ్చుచున్నదా అని కనిపెట్టవలెను. ధ్వని పెంచు మీటలు త్రిప్పినప్పుడు వచ్చు గరగర లోపలి మురికివలన వచ్చినది. దానిని మాత్రము ఏ చరిత్రకారుడును కాపాడనక్కరలేదు. తీసివేసిన పాత ముక్కలను ఒక సంచిలో వేసి పెట్టె అడుగుననే ఉంచుట మంచి మెకానిక్కుల అలవాటు. దానితోపాటు ఒక చీటి: ఏ తేదీన, ఏ కండెన్సరు, ఎంత విలువగలది, దేనికి బదులుగా పెట్టినది. ఆ తరువాతనే గిటారు త్రాడు తగిలించి, మీట త్రిప్పి, వాల్వులు కాగువరకు అరనిమిషము వేచియుండవలెను.